నాలుగో శీలం దగ్గర నాలుక తడబడుతోంది

రాత్రిషిఫ్టు

నమస్కారమండీ. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

నాది కస్టమర్ సపోర్ట్ ఉద్యోగం. ఫోన్ కాదు, చాట్. తరచూ వాడే వాక్యాలు ముందే రాసిపెట్టి ఉంటాయి. రెండు మీటలు నొక్కితే వాక్యం మొత్తం తెర మీద పడుతుంది. అందులో ఒకటి: "మీ సమస్యను మా నిపుణుల బృందం ప్రస్తుతం పరిశీలిస్తోంది." నిజానికి ఆ క్షణాన ఎవరూ ఏమీ పరిశీలించడం లేదు. టికెట్ వరసలో పడి ఉంటుంది. దాన్ని ఎవరో ఒకరు తెరిచేసరికి రెండు రోజులు, ఒక్కోసారి మూడు. ఈ వాక్యం షిఫ్టుకి నలభై సార్లయినా పంపుతాను.

నాలుగు నెలల కిందట పొద్దున్నే పంచశీల, అంటే బౌద్ధ గృహస్థులు పాటించే ఐదు నియమాలు, పాళీలో చదువుకోవడం మొదలుపెట్టాను. ఎవరో చెప్పి కాదు, మనసు కుదురుగా ఉంటుందని. చంపను, ఇవ్వనిది తీసుకోను, కామంలో తప్పు నడత నడవను. ఈ మూడూ సాఫీగా వెళ్లిపోతాయి. నాలుగోది, అబద్ధమాడననే "ముసావాదా వేరమణీ సిక్ఖాపదం సమాదియామి" దగ్గరికి వచ్చేసరికి నాలుక తడబడుతుంది.

మొదట్లో నవ్వుకుని వదిలేసేవాణ్ణి. పోయిన వారం ఒకావిడకి ఆ వాక్యం పంపితే, "ఇప్పుడే చూస్తున్నారా? అయితే నేను కదలను, ఇక్కడే ఉంటాను" అని రాసింది. చాట్ మూయలేదు. యాభై నిమిషాలు. మధ్యలో రెండుసార్లు "ఏమైనా తెలిసిందా అండీ?" అని అడిగింది. నేను అదే మీట మళ్లీ నొక్కాను. చివరికి "నిద్రొస్తోంది, పొద్దున చూస్తాను. మీకు శ్రమ ఇచ్చాను, ఏమీ అనుకోకండి" అని వెళ్లిపోయింది.

ఆ నియమం నాలాంటి ఉద్యోగికి వర్తిస్తుందా? లేక నేనే అతిగా ఆలోచిస్తున్నానా?

సూటిమాట

అతిగానే ఆలోచిస్తున్నారు. వాక్యం రాసింది మీరు కాదు, జీతమిచ్చేవాళ్లు. మీరు నొక్కింది మీట. అన్నీ వదిలేసి చెట్టు కింద కూర్చున్నవాళ్లకు అలాంటి నియమాలు కుదురుతాయి. లోన్లు కట్టేవాళ్లకు కాదు.

పాళీపిచ్చి

రాత్రిషిఫ్టు గారూ, మీరు చదివే వాక్యంలోనే సగం జవాబుంది. "సిక్ఖాపదం సమాదియామి" అంటే "ఈ శిక్షణను స్వీకరిస్తున్నాను" అని. "అబద్ధమాడితే శిక్షిస్తాం" అని పైనుంచి ఎవరూ ఆజ్ఞ వేయడం లేదు. ఎవరికి వాళ్లు ఒప్పుకుని మొదలుపెట్టే సాధన అది. తడబడుతున్నారంటే సాధన జరుగుతోందన్నమాట. సాఫీగా వెళ్లిపోయే ఆ మొదటి మూడింటి గురించే నేనైతే కాస్త అనుమానపడతాను :)

ఇక అబద్ధం సంగతి. రాజగృహం దగ్గర అంబలట్ఠికలో బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చెప్పిన మాటలు, ఆయన బోధల సంకలనాల్లో ఒకటైన మజ్ఝిమ నికాయంలో 61వ సుత్తం (బోధ). అప్పటికి రాహులుడు చిన్నపిల్లవాడని అట్ఠకథలు, అంటే పాత పాళీ వ్యాఖ్యానాలు, చెబుతాయి. కాళ్లు కడుక్కున్న పాత్రలో అడుగున కాసిని నీళ్లు మిగిల్చి "ఇవి కనిపిస్తున్నాయా? తెలిసి తెలిసి అబద్ధమాడటానికి సిగ్గుపడనివాడిలో సాధుత్వం ఇంతే" అంటాడు. ఆ నీళ్లు పారబోసి "ఇలా పారబోసుకున్నట్టే" అంటాడు. పాత్రను బోర్లిస్తాడు. మళ్లీ వెల్లకిలా తిప్పి ఆ ఖాళీని చూపిస్తాడు. నవ్వులాటకైనా అబద్ధమాడనని నేర్చుకో అంటాడు.

ఆ తర్వాత అడుగుతాడు: "అద్దం ఎందుకు?" "చూసుకోవడానికి." అయితే పని చేసే ముందు, చేస్తూ ఉండగా, చేశాక, మూడుసార్లూ చూసుకో. దీనివల్ల నాకు గానీ, ఎదుటివాడికి గానీ, ఇద్దరికీ గానీ బాధ కలుగుతుందా అని.

అశోకుడు భిక్షువులూ ఉపాసకులూ తరచూ వినాలని ఒక శాసనంలో కొన్ని బోధల పేర్లు చెక్కించాడు. వాటిలో "అబద్ధం గురించి రాహులుడికి చేసిన బోధ" ఒకటి. అంత పెద్ద రాజ్యం ఏలినవాడు ఏరి ఏరి దాన్ని పెట్టాడంటే, ఎక్కువ అబద్ధాలు ఎక్కడ పుడతాయో ఆయనకు తెలిసే ఉంటుందని నా అనుమానం.

తర్కం

సూటిమాట గారి వాదన అంత తేలిగ్గా కొట్టేయకండి. బుద్ధుడే "చేతనాహం భిక్ఖవే కమ్మం వదామి" అన్నాడు కదా. కర్మ అంటే నేను ఉద్దేశాన్నే అంటాను అని. మరి మోసం చేసే ఉద్దేశం రాత్రిషిఫ్టు గారిదా, ఆ వాక్యం రాసినవాళ్లదా?

పాళీపిచ్చి

మంచి ప్రశ్న. అట్ఠకథలు అబద్ధానికి నాలుగు అంగాలు చెబుతాయి. విషయం నిజం కాకపోవడం, నమ్మించాలన్న మనసు, అందుకు చేసే ప్రయత్నం, ఎదుటివాడికి అది అర్థం కావడం. మొదటిసారి మీట నొక్కినప్పుడు రెండోది లేదనే అనుకుందాం, అలవాటుగా నొక్కారు. ఆవిడ "ఇప్పుడే చూస్తున్నారా?" అని అడిగాక నొక్కిన మీట సంగతేమిటి?

తర్కం

ఒప్పుకున్నాను. రెండో మీట దగ్గర నా వాదన ఓడిపోయింది.

సూటిమాట

నా వాదన ఓడలేదు. ఆ మీట నొక్కకపోతే ఉద్యోగం పోతుంది. శీలం అద్దె కట్టదు.

లెక్కలమాస్టారు

పిల్లలకు ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి, పాళీ రాదు, అనువాదాల్లో చదివిందే. "చెట్టు కింద కూర్చున్నవాళ్ల గోల మనకెందుకు" అన్న మాట బుద్ధుడి కాలంలోనే ఒకడు ఆయన ముఖాన్నే అన్నాడు నాయనా. కోలియుల ఊరు కక్కరపత్తంలో దీఘజాణు అనే ఆయన వచ్చి, "మేము సంసారులం, పిల్లలతో ఇరుకిరుకుగా పడుకుంటాం, చందనం పూసుకుంటాం, పూలు పెట్టుకుంటాం, వెండి బంగారాలు ముట్టుకుంటాం, మాకు పనికొచ్చేది చెప్పండి" అన్నాడు. బుద్ధుడు అతన్ని వెళ్లి సన్యాసం పుచ్చుకోమనలేదు. పని నేర్పుగా చెయ్యి, సంపాదించింది కాపాడుకో, మంచివాళ్లతో స్నేహం చెయ్యి, రాబడీ ఖర్చూ చూసుకుని బతుకు అన్నాడు. త్రాసు పట్టుకున్నవాడికి ముల్లు ఎటు వాలిందో తెలిసినట్టు, తన ఆదాయమెంతో వ్యయమెంతో తెలియాలట. రాబడి కొంచెమై ఖర్చు ఎక్కువ పెట్టేవాణ్ణి మేడిపళ్లు తినేవాడితో పోల్చాడు. కొమ్మ పట్టి ఊపితే రాలేవి బోలెడు, తినేవి నాలుగు. నా జీతం మీద అప్పులు పెరిగిన రోజుల్లో ఆ మేడిపళ్ల మాట తగిలినట్టు ఇంకేదీ తగల్లేదు.

ఇది ఎందుకు చెప్పానంటే, రాత్రిషిఫ్టు బాబూ, ఉద్యోగం మానేయమని ఎవరైనా వీరావేశంగా సలహా ఇస్తే వినకు. ముందు నీ ముల్లు ఎక్కడుందో చూసుకో. ఆర్నెల్లు ఆదాయం లేకుండా ఇల్లు గడుస్తుందా? గడవకపోతే ఉన్నచోటే ఏం మార్చగలవో చూడు.

ఇంకో సంగతి. సిగాలుడనే గృహస్థుడికి బుద్ధుడు చెప్పిన ధర్మాల్లో పనివాడు యజమానికి చేయాల్సినవి ఐదున్నాయి, యజమాని పనివాడికి చేయాల్సినవీ ఐదున్నాయి. శక్తికి తగ్గ పని ఇవ్వాలి, తిండీ కూలీ సరిగ్గా ఇవ్వాలి, జబ్బు చేస్తే చూసుకోవాలి, మంచి పదార్థం దొరికితే పంచాలి, సమయానికి సెలవివ్వాలి. ఆ జాబితాలో "యజమాని కోసం అబద్ధమాడాలి" అని ఎక్కడా లేదు.

మూడోవార్డు

నేను ఆసుపత్రిలో నర్సుని. నిజం చెప్పడమే గొప్ప అనుకునేవాళ్లకు ఓ మాట.

కొత్తలో ఒకసారి ఒక పెద్దాయన భార్య కారిడార్‌లో నా చెయ్యి పట్టుకుని "ఆయనకు బాగవుతుంది కదా అమ్మా?" అంది. బాగవదని నాకు తెలుసు. "ఏం కాదు, బాగైపోతుంది" అనేశాను. ఆవిడ ఆ మాట పట్టుకుని, వద్దామని బయల్దేరిన కొడుకుని రావద్దని ఫోన్ చేసింది. అతను వచ్చేసరికి అంతా అయిపోయింది. నా మాట ఎంత మెత్తగా ఉంది! దాని ఖరీదు ఇంకొకరు కట్టారు.

తర్వాత ఇలాంటివి చదువుతుంటే అభయ రాజకుమారుడి కథ దొరికింది. ఎదుటివాళ్లకు నచ్చని మాట బుద్ధుడు అంటాడా అనడా, ఏం చెప్పినా ఇరుక్కునేలా ప్రశ్న వేయమని ఆ అబ్బాయిని పంపిస్తారు. అభయుడి ఒళ్లో పసిబిడ్డ. "నీ బిడ్డ పుల్లో రాయో నోట్లో పెట్టుకుంటే ఏం చేస్తావు?" అంటాడు బుద్ధుడు. "తీసేస్తాను. రాకపోతే తల పట్టుకుని వేలు వంచి లాగేస్తాను, రక్తం వచ్చినా సరే" అంటాడు. ఎందుకు? బిడ్డ మీద జాలి కాబట్టి. నిజమై, మేలు చేసేదై, వినడానికి చేదుగా ఉండే మాటైతే చెప్పే వేళ ఎప్పుడో తనకు తెలుసంటాడు. వేళ తెలియడం! వార్డులో నేను నేర్చుకోవాల్సింది అదే. ఇప్పుడు "డాక్టరు గారితో మాట్లాడిస్తాను. మీ వాళ్లెవరైనా రాగలిగితే పిలిపించుకోండమ్మా" అంటాను. అబద్ధమూ కాదు, బండరాయీ కాదు.

ఇంకోటి, సంబంధం ఉందో లేదో మీరే చూడండి. కరుణకు "దగ్గరి శత్రువు" ఒకటుంటుందని, అంటే కరుణలాగే కనిపించి మోసం చేసేదని, విశుద్ధిమార్గం అనే గ్రంథంలో వ్యాఖ్యాత బుద్ధఘోషుడు రాస్తాడు, అది దుఃఖంలో మునిగిపోవడం. ఉపేక్షకు, అంటే సమభావానికి, దగ్గరి శత్రువు ఏమీ పట్టని మొద్దుతనం. దూరపు శత్రువును గుర్తుపట్టడం తేలిక, క్రూరత్వం కరుణలా కనిపించదు కదా. దగ్గరివే మోసం చేస్తాయి. పదేళ్ల సర్వీసున్న మా వాళ్లలో కొందరు "నేను దేనికీ చలించను" అని గర్వంగా అంటారు. అది ఉపేక్ష కాదు, అలసట. నేనూ రెండేళ్లు అలా ఉన్నాను.

రాత్రిషిఫ్టు

మూడోవార్డు గారూ, ఆ చివరి పేరా రెండుసార్లు చదివాను. మీట నొక్కేటప్పుడు నాకేమీ అనిపించకపోవడాన్ని ప్రశాంతత అనుకున్నాను.

కాగితంపులి

అందరూ బాగా చెబుతున్నారు గానీ నాకు మండుతోంది. తప్పు ఎక్కడో జరుగుతుంటే మీరంతా ఈ ఒక్క మనిషి మనసును సరిచేస్తున్నారు. బౌద్ధం పేరుతో ఇప్పుడు ఆఫీసుల్లో జరిగేదీ ఇదే. 1979లో జాన్ కబట్-జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో ధ్యానంతో ఒత్తిడి తగ్గించే శిక్షణ మొదలుపెట్టినప్పుడు అది దీర్ఘకాలం నొప్పితో బాధపడే రోగుల కోసం. దానివల్ల మేలు జరిగింది, కాదనను. ఇప్పుడేమో పనిభారం తగ్గించరు, పది నిమిషాలు ఊపిరి గమనించమంటారు. మేమూ గమనించాం. ఊపిరి బాగానే ఉంది, టార్గెట్లే బాలేవు.

బుద్ధుడు చెప్పిన ఎనిమిది మెట్ల అష్టాంగ మార్గంలో సమ్యక్ స్మృతి, అంటే సరైన ఎరుక, ఏడోది. దాని కంటే ముందు మంచి మాట, మంచి పని, మంచి జీవనోపాధి ఉన్నాయి. ఆ మూడూ ఎత్తేసి ఏడోదాన్ని మాత్రం అమ్ముతున్నారు. గురి చూసేవాడికీ ఏకాగ్రత కావాలి, గజదొంగకీ కావాలి.

పాళీపిచ్చి

పులిగారూ, మీ కోపానికి ఆధారం సుత్తాల్లోనే ఉంది, పుష్కలంగా. దీఘ నికాయమనే ఇంకో సంకలనంలో చక్కవత్తి సీహనాద సుత్తం చూడండి. అందులో అబద్ధం లోకంలోకి ఎలా వచ్చిందో ఒక కథ. రాజు అన్నీ సరిగ్గానే ఏలుతాడు, ఒక్కటి మరిచిపోతాడు, లేనివాళ్లకు ధనం ఇవ్వడు. దానివల్ల పేదరికం పెరుగుతుంది. పేదరికం వల్ల దొంగతనం. మొదట దొంగకు డబ్బిచ్చి పంపుతాడు, అది విని ఇంకొందరు దొంగతనానికి దిగుతారు. అప్పుడు రాజు తలలు నరికించడం మొదలుపెడతాడు. జనం అది చూసి వాళ్లూ కత్తులు పడతారు. ఆ వరసలో ఒక దొంగను పట్టుకొస్తారు. "నువ్వు దొంగిలించావట, నిజమేనా?" "లేదు మహారాజా." కథలో తెలిసి ఆడిన మొదటి అబద్ధం అదే.

వరస గమనించారా? అక్కడ అబద్ధం చెడ్డ మనసులోంచి ఊడిపడలేదు. ఆకలీ భయమూ కలిసి కన్నాయి దాన్ని. రాత్రిషిఫ్టు గారి మీటకు కూడా ఇలాంటి వంశవృక్షమే ఉంటుంది. వరస చూసే చోట మనుషులు చాలరు. ఆలస్యమని చెబితే కస్టమరు పోతాడని పైవాడికి భయం, పైవాడంటే మధ్యవాడికి భయం, ఆఖరికి ఈయన వేలు.

కూటదంత సుత్తంలోనూ అంతే. దొంగల బెడద ఎక్కువైన రాజుకు పురోహితుడు చెప్పే సలహా: శిక్షలతో ఇది ఆగదు, రైతుకు విత్తనం ఇవ్వు, వర్తకుడికి పెట్టుబడి ఇవ్వు, కొలువు చేసేవాడికి తిండీ జీతమూ ఇవ్వు. తర్వాత జనం తలుపులు తెరుచుకుని పడుకున్నారని కథ.

కాగితంపులి

ఇది తెలియదు నాకు. ధన్యవాదాలు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించినప్పుడు అంబేడ్కర్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో అబద్ధమాడనన్నదీ ఉంది, సమానత్వం కోసం పాటుపడతానన్నదీ ఉంది. రెండూ ఒకే కాగితం మీద. మనమే చింపి ఎవరికి కావలసిన సగం వాళ్లు జేబులో పెట్టుకుంటాం.

ఎర్రచుక్క

మధ్యలో దూరుతున్నాను. నేను ఫోన్ యాప్‌లు తయారుచేస్తాను. ఐకాన్ మీద ఎర్రచుక్క కనిపిస్తుంది చూశారా, కొత్త సందేశం వచ్చిందని? మా దగ్గర ఏమీ రాకపోయినా కొన్నిసార్లు అది వెలిగేలా పెట్టాం, మనిషి యాప్ తెరవాలని. అది నాలుగో శీలం కిందికి వస్తుందా, రెండోదాని కిందికా? ఇవ్వనిది తీసుకోకూడదన్నారు. వాళ్ల దృష్టి వాళ్లు ఇవ్వలేదు, మేం తీసుకున్నాం.

తర్కం

సాగదీస్తున్నారు. ఇలా లాగుతూ పోతే వీధిలో గట్టిగా నవ్వేవాడు కూడా దొంగే. ఉపాసకుడు చేయకూడని వ్యాపారాలు ఐదే చెప్పారు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. ఆ జాబితాలో యాప్‌లు లేవు. రానిది వచ్చిందని చుక్క పెట్టారు కాబట్టి అది సూటిగా అబద్ధం, నాలుగోది. రెండోదాన్ని ఇందులోకి లాగక్కర్లేదు.

ఎర్రచుక్క

అబద్ధమని ఒప్పుకుంటాను. కానీ ఆ ఐదూ చదివితే నాకు ఇంకోటి తోస్తుంది. అమ్మిన తర్వాత ఆ వస్తువు కొన్నవాణ్ణి, లేదా ఇంకొకణ్ణి ఏం చేస్తుందన్నదాన్ని బట్టి ఏరినట్టున్నాయి. లాభం ఎంత, చట్టం ఒప్పుకుంటుందా అని కాదు. అలా చూస్తే మత్తు దగ్గర మా చుక్కకు చోటుందేమో. ఐదో శీలంలో మత్తు వద్దనడానికి చెప్పిన కారణం "పమాదట్ఠానా", అంటే ఏమరుపాటుకు తావిచ్చేది అని. ఏమరుపాటే మా ఆదాయం.

సూటిమాట

అయ్యా బాబోయ్. ఒకాయన మీటకు ఏడుస్తాడు, ఇంకొకాయన చుక్కకు ఏడుస్తాడు. ఇక్కడ పాళీ ముక్కలు నాలుగు వచ్చినవాడల్లా సాధువే. చేతకానివాళ్లకు మతం ఒక మంచి దుప్పటి.

కాగితంపులి

మీలాంటివాళ్లు ఉండబట్టే

నిర్వాహకులు

పులిగారి పోస్టులో మొదటి రెండు మాటలు ఉంచి మిగతాది తీసేశాం. సూటిమాట గారి చివరి వాక్యం కూడా తీసేయాల్సిందే, కానీ మీరందరూ అప్పటికే చదివేశారు.

అశోకుడి 12వ శిలాశాసనంలో మాట సంయమం గురించి ఉంది. సందర్భం లేకుండా సొంత మతాన్ని పొగడకు, ఎదుటివారి మతాన్ని తక్కువ చేయకు, సందర్భమున్నా మితంగా ఉండు. ఈ వేదిక నియమాలు రాసినప్పుడు మేం పేజీన్నర తీసుకున్నాం, ఆయన రాతి మీద ఇంకా పొదుపుగా చెప్పాడు. ఇద్దరూ కాస్త ఆగి రండి.

సూటిమాట

సరే, ఆ దుప్పటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిజం చెప్పాలంటే నేనూ సేల్స్‌లో పద్దెనిమిదేళ్లు చేశాను. మీటలు లేని రోజులు, నోటితోనే చెప్పేవాళ్లం. అందుకే కాలింది.

లెక్కలమాస్టారు

ఆ చివరి రెండు వాక్యాలు ముందే రాసి ఉంటే నాలుగు పోస్టులు మిగిలేవి నాయనా :)

రాత్రిషిఫ్టు (మూడు వారాల తర్వాత)

ఏం జరిగిందో చెబుతానని మాట ఇవ్వలేదు గానీ చెప్పాలనిపించింది.

ఆ వాక్యం మీట వాడటం మానేసి చేత్తో టైప్ చేయడం మొదలుపెట్టాను. "మీ ఫిర్యాదు వరసలో ఉంది. ఇంకా ఎవరూ తెరవలేదు. మామూలుగా రెండు మూడు రోజులు పడుతుంది. మీరు ఇక్కడ ఎదురుచూడక్కర్లేదు." మొదటి రాత్రి ఒకాయన తిట్టాడు, మామూలుగా కాదు. చెవులు వేడెక్కాయి. మిగతావాళ్లలో ఎక్కువమంది "సరే, థాంక్స్" అని వెళ్లిపోయారు. "ఏమైనా తెలిసిందా" అని మళ్లీ మళ్లీ అడిగేవాళ్లు బాగా తగ్గారు.

రెండో వారం క్వాలిటీ వాళ్లు మార్కులు కోశారు. నిర్ణీత వాక్యం వాడలేదని. సూపర్‌వైజర్ పిలిచారు. భయమేసింది, దాచను. మాస్టారు చెప్పినట్టు ముందే లెక్క చూసుకున్నాను, ఆర్నెల్లు కాదు కదా నెలన్నర కూడా గడవదు. చాట్‌కి పట్టే సమయం తగ్గిందని అంకెలు చూపించాను. ఆవిడ కాసేపు చూసి, "'ఇంకా ఎవరూ తెరవలేదు' అన్నది వద్దు. మిగతాది ఉంచు. ఇంకో ముగ్గురితో నెల రోజులు చేయించి చూద్దాం" అన్నారు. సగం గెలుపో సగం ఓటమో మీరే చెప్పండి.

కొత్త చిక్కు ఒకటుంది. ఆవిడ "ఇదెందుకు మొదలుపెట్టావ్?" అని అడిగితే "టైమ్ కలిసొస్తుందని" అన్నాను. కలిసొచ్చిన మాట నిజం. మొదలుపెట్టింది మాత్రం అందుకు కాదు.

తర్కం

నాలుగు అంగాలూ ఉన్నాయండీ. చూసుకోండి.

పాళీపిచ్చి

అద్దం మూడోసారి కూడా చూశారు కదా. రాహులుడికైతే తర్వాత ఏం చేయాలో కూడా చెప్పాడు. తప్పనిపిస్తే గురువు దగ్గరో తోటి సాధకుల దగ్గరో బయటపెట్టమని. మీరు ఇక్కడ పెట్టేశారు.

మూడోవార్డు

ఆ యాభై నిమిషాలు కూర్చున్నావిడ సంగతి ఏమైంది?

రాత్రిషిఫ్టు

వెతికి చూశాను. ఆవిడ టికెట్ నాలుగో రోజు మధ్యాహ్నం తెరిచారు. రెండు నిమిషాల పని అట.